తగ్గింపు ధరలు – తరగని మాటలు

ఆషాఢ మాసము ప్రవేశింపగానే హైదరాబాదు నగరపు తూర్పు భాగమున ఒక విచిత్రము కనబడును. మూసారాంబాగు దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ కూడలి వరకు సాగు రహదారికి ఇరుప్రక్కల, అంతస్తుపై అంతస్తుగా లేచిన బట్టల దుకాణములన్నియు ఒక్కమారుగా దానకర్ణులగును. సగము ధర యని ఒకరు, ఒకటి కొన్న రెండు ఉచితమని మరియొకరు, నిలువెత్తు అక్షరములతో ప్రకటింతురు. ఇందులకు కారణము మనకందరకు తెలిసినదే. ఆషాఢమున పెండ్లిండ్లు లేవు. కొత్త కోడలు పుట్టింట నుండును. బేరములు సన్నగిల్లును. శ్రావణము వచ్చినచో వరలక్ష్మీ వ్రతములు, వివాహ ముహూర్తములు, కొత్త చీరలు. ఆలోపల పాత సరుకు కదలవలెను. గిడ్డంగి ఖాళీ కావలెను. కావున వర్తకుడు లాభము కొంత వదలుకొని అమ్మజూపుట సహజము. ఈ తగ్గింపునకు మూలమున ఇట్టి న్యాయమైన హేతువున్నదని మేము మొదటనే ఒప్పుకొనుచున్నాము.

అయితే ఆషాఢము వెడలిపోయినను తగ్గింపు వెడలిపోదు. శ్రావణపు తగ్గింపు వచ్చును. దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది వరుసగా వచ్చును. పండుగ లేని నాడు దుకాణపు వార్షికోత్సవము వచ్చును. ఏడాది పొడవున తగ్గియే యుండు ధర దేనినుండి తగ్గినట్లు? ఈ చిన్న ప్రశ్నను పట్టుకొని నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ముందుగా ఈ బజారునకు వచ్చువారెవరో చూడవలెను. ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ నగరము. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టుకొన్న ఈ ప్రాంతము 2007లో మహానగర పాలక సంస్థలో కలియు వరకు వేరొక పురపాలక సంఘముగా నుండెను. ఇచ్చటి కూడలినుండి ఒక దారి విజయవాడకు, ఒక దారి నాగార్జునసాగరమునకు పోవును. అనగా నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతములవారికి నగరపు ముఖద్వారము ఇదియే. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు వచ్చిన పిమ్మట నగరములోని వారికిని ఈ బజారు దగ్గరయ్యెను. వసతి గృహములలో నుండి చదువుకొను విద్యార్థులు సరేసరి. వీరందరిలో మేము ముఖ్యముగా తలచుకొనునది పెండ్లిబట్టలకై జిల్లాలనుండి వచ్చు కుటుంబములను. పొద్దుటి బస్సునకు పదిమంది బయలుదేరుదురు. పత్తి యమ్మిన పైకమో, చీటీ పాడిన పైకమో మూటగట్టుకొని వత్తురు. సాయంకాలపు బస్సునకు తిరిగి పోవలెను. నాలుగు దుకాణములు తిరిగి ధరలు పోల్చుటకు వారికి వ్యవధి లేదు. మరల వచ్చుటకు వీలు లేదు. ఈ సంగతి వారికంటె దుకాణమువారికే బాగుగా తెలియును.

ఇక లెక్కల మాట. ఒక చీర చీటీపై 4,000 రూపాయలని యున్నది. 50 శాతము తగ్గింపు, దానిపై మరల 20 శాతము తగ్గింపు అని ప్రకటన. వినగానే మన మనస్సు 70 శాతమని కూడిక వేసికొనును. నిజమునకు 4,000లో సగము 2,000, ఆ 2,000లో అయిదవవంతు 400, మిగిలినది 1,600. అనగా తగ్గినది 60 శాతమే. ఇది అబద్ధము కాదు. మన తొందరపాటును నమ్ముకొన్న నిజము. రెండు కొన్నచో ఒకటి ఉచితమనగా మూడింటిపై మూడవవంతు తగ్గినదని యర్థము. కాని మనకు కావలసినది ఒక చొక్కాయే యైనచో తగ్గినదేమియు లేదు, రెండు చొక్కాల వెల పెరిగినది. ఒకటి కొన్న రెండు ఉచితమనుచోట మరియొక పరీక్ష కలదు. మూడింటికి కలిపి 4,500 రూపాయలైనచో, "మాకు ఒక్కటే చాలును, 1,500 పుచ్చుకొనుడు" అని యడిగి చూడుడు. ఇయ్యరు. ఇయ్యనప్పుడు ఉచితమనబడిన రెండింటి వెలయు మొదటి దానిలోనే కూర్చుండియున్నదని తేటపడును. పెద్ద అక్షరములతో 50 శాతమని వ్రాసి ప్రక్కన చీమతలకాయంత అక్షరములతో "వరకు" అని వ్రాయు పద్ధతి మీరెరిగినదే. ఆ మూడక్షరములే ప్రకటనలో కెల్ల నిజము పలుకునవి.

వీటన్నింటికిని ఆధారము ఒక్కటే: చీటీపై ముద్రించిన మొదటి ధర. ఆ ధరకు ఆ వస్త్రమును ఏనాడైనను ఎవరైనను కొనిరా? కొనకున్నచో అది ధర కాదు; తగ్గింపు నిలుచుటకు వేసిన పీట. ఐరోపా దేశములవారు ఈ కిటుకును చాల కాలము గమనించి, 2022 మే 28వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నియమముచే ఒక కట్టడి చేసిరి. తగ్గింపు ప్రకటించు వర్తకుడు అంతకుముందు 30 దినములలో తాను అమ్మిన అత్యల్ప ధరను చూపవలెను. 2024 సెప్టెంబరులో అచ్చటి న్యాయస్థానము, ఆ ధరను మూలలో ముద్రించిన చాలదు, శాతమును సైతము దానినుండియే లెక్కింపవలెనని తీర్పు చెప్పెను. మన 2019 నాటి చట్టమున ఇట్టి దినసంఖ్య లేదు గాని, మామూలు ధరతో పోల్చి చౌక యని నమ్మించి, ఆ ధరకు అమ్ముటకు ఉద్దేశింపని సరుకును ప్రకటించుట అనుచిత వ్యాపార విధానమని స్పష్టముగా నున్నది.

ఇంతవరకు కాగితముపై ధర. ఇక మనుష్యుల మాట. కాగితము మనలను లోపలికి పిలుచును; లోపల నిలువబెట్టునది మాట. మేము గత ఆషాఢమున ఒక దుకాణపు రెండవ అంతస్తులో అరగంటసేపు కూర్చుండి చూచితిమి. ఒక తల్లియు కూతురును వచ్చిరి. వారు నేతచీర యడిగిరి. అమ్మకపు పిల్ల నేతచీర తీయలేదు. పట్టు వంటి మెరుపుగల వేరొక చీర తీసి పరచెను. "ఒక్కసారి భుజమ్మీద వేసుకొని చూడక్కా, చూస్తే పైసలు తీసుకోం గదా!" అనెను. వేసికొనిన వెంటనే అద్దము ముందునకు నడిపించెను. "ఇదే ఆఖరు పీసు అక్కా, పొద్దున్నుంచి నాలుగు పోయినయి" అనెను. మరి నలువది చీరలు విప్పెను. బల్లపై రంగుల గుట్ట లేచెను. అప్పుడా తల్లి ముఖమున ఒక ఇబ్బంది పొడసూపెను. ఇన్ని విప్పించి ఊరక లేచిపోవుటెట్లు? చివరకు వారడిగిన చీర గాక, అడుగని చీరలు రెండు కొనిపోయిరి.

ఆ ఇబ్బందికి మన భాషలో చక్కని పేరున్నది: మొగమాటము. దీనిపై మోటు సామెతయు ఒకటి కలదు గాని, రేడియోలో చెప్పదగినది కాదు. ఎదుటివారి శ్రమను చూచి నొచ్చుకొనుట మంచి గుణము. ఇంటికి వచ్చినవారికి లేదనక పెట్టిన జాతి కదా మనది. కాని ఇచ్చట ఆ మంచి గుణమునకే వెల కట్టి వసూలు చేయుచున్నారు. చీరలు విప్పుట శ్రమయే, నిజము. ఐతే విప్పుట వ్యాపారములో భాగము. ఆ ఖర్చు అమ్మిన ప్రతి చీరలోను ముందే చేరియున్నది. చూచినంత మాత్రమున మనము ఋణపడలేదు. పారిస్ నగరమున 1852 ప్రాంతమున బూసికో అను వర్తకుడు బాన్ మార్షే యను దుకాణమును పెంచినప్పుడు అతడు తెచ్చిన మార్పులలో ఇది ముఖ్యమైనది. ధర చీటీపై వ్రాసి యుంచుట, ఎవరైనను లోనికి వచ్చి చూచి కొనకయే పోవచ్చుననుట, నచ్చనిచో తిరిగి పుచ్చుకొనుట. నేటి మన పెద్ద దుకాణములు ఆ ధర చీటీని తెచ్చుకొన్నవి, ఆ అద్దములను తెచ్చుకొన్నవి. కొనకయే పోవు స్వేచ్ఛను మాత్రము ద్వారము వద్దనే వదలి వచ్చినట్లున్నవి.

ఇంతకును ఆ అమ్మకపు పిల్లను నిందింపవచ్చునా? ఈ విషయమున మా యభిప్రాయము వేరు. ఆమె పది గంటలపాటు నిలుచుండియే యుండును. అనేక దుకాణములలో జీతము కొంత, అమ్మకముపై ప్రోత్సాహకము కొంత. నెలకింత అమ్మవలెనను లక్ష్యము. ఏండ్ల తరబడి కదలక పడియున్న సరుకును అమ్మినవారికి చీరకింత యని వేరుగా ముట్టచెప్పుటయు కలదు. కావున ఆమె ముందుగా తీసి చూపునది మనకు నప్పునది కాకపోవచ్చును. దుకాణము వదిలించుకొనదలచినది కావచ్చును. వచ్చినవారు వట్టి చేతులతో వెడలినచో అంతస్తు మేనేజరు "ఎందుకు వదిలినవు?" అని అడుగును. మనపై పడు ఒత్తిడి ఆమె మీదుగా వచ్చుచున్నదే గాని ఆమెనుండి పుట్టినది కాదు. కేరళ రాష్ట్రమున 2018లోను, తమిళనాడున 2021లోను, దుకాణములలో పనిచేయువారికి కూర్చుండుటకు పీట వేయవలెనని శాసనము చేసిరి. కేరళ శాసనము వెనుక కోళిక్కోడు మిఠాయి వీధిలోని బట్టల అంగళ్ళ స్త్రీలు ఏండ్ల తరబడి చేసిన ఆందోళన యున్నది. కూర్చుండుటకే శాసనము కావలసివచ్చిన వృత్తి యిది యని తెలిసిన పిదప, ఆ పిల్లపై విసుగుకొనుటకు నోరు రాదు.

విసుగు లేకుండ కాదనుట ఎట్లు? పనికివచ్చు మాట చిన్నదిగా నుండవలెను. కారణములు చెప్పబోకుడు. రంగు నచ్చలేదన్నచో మరి పది రంగులు వచ్చును. ధర ఎక్కువ యన్నచో ఇంకొక తగ్గింపు వచ్చును. ఇంట నడుగవలెనన్నచో ఫోటో పంపుమందురు. ప్రతి కారణమునకును వారియొద్ద జవాబున్నది. అది వారి విద్య. "వద్దమ్మా, ఇంక తియ్యకు" అని చిరునవ్వుతో చెప్పి నిలుచున్నచో దానికి జవాబు లేదు. మొదటనే ఎంతలో, ఏమి కావలెనో చెప్పి, అడుగనిది విప్పవద్దనుట ఇరువురికిని శ్రమ తగ్గించును. పదిమంది కలిసి వచ్చు పెండ్లివారు పైకము ఒక్కరి చేతనే యుంచి, ఆ ఒక్కరిని అద్దములకు దూరముగా కూర్చుండబెట్టిన మేలు. ఈ ఉపాయము మేము కనిపెట్టినది కాదు. నల్లగొండ జిల్లా పెద్దమ్మలు ఎన్నడో కనిపెట్టినది.

ఇక తగ్గింపునకు లొంగని వస్తువు ఒకటి కలదు. ఎల్.బి. నగర్ నుండి విజయవాడ దారిన కొంత దూరము పోయి ఎడమకు తిరిగినచో భూదాన్ పోచంపల్లి వచ్చును. అచ్చటి ఇక్కతు చీరకు దారమునే ముందుగా కట్టి, రంగులలో ముంచి, ఆ పిమ్మట మగ్గమున నేయుదురు. ఇంటిల్లిపాది దినముల తరబడి చేయు పని. 2005 నాటికే దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. అట్టి చీరను సగము ధరకు ఇచ్చువాడు తన లాభమును వదలుకొన్నాడా, నేతగాని కూలిని కోసినాడా, లేక అది పోచంపల్లి చీరయే కాదా? మా అనుభవమున మూడవదే తరచు. యంత్రముపై అచ్చువేసిన గుడ్డకు ఆ పేరు పెట్టి అమ్ముదురు. చూచుట సులభము: చీరను తిరుగవేయుడు. దారమే రంగులో మునిగినది గనుక అసలు ఇక్కతునకు వెనుకవైపును ఇంచుమించు అదే రంగు, అదే పువ్వు. గీతల అంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చు గుడ్డకు వెనుకవైపు వెలవెలబోవును, గీతలు కత్తితో కోసినట్లుండును. 2006లో వచ్చిన చేనేత ముద్ర, పట్టునకు 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీ ఉన్నవేమో చూడుడు. చేనేత సహకార సంఘములవారును, ఖద్దరు భండారములవారు గాంధీ జయంతికిని ఇచ్చు రిబేటు వేరు జాతి. అది ముందుగా కట్టిన ధరపై, ఎవరో ఒకరు నిజముగా భరించి ఇచ్చునది. 1953లో మిల్లు బట్టపై అదనపు సుంకము వేసి ఖద్దరును, చేనేతను పోషించుటకు ప్రత్యేకముగా శాసనము చేసిరి. మొదటి ధర నిజమైనప్పుడే తగ్గింపును నిజమగును.

ఇంటనుండి ఫోనులో కొనువారు తమకీ బెడద లేదనుకొనరాదు. ఆఖరు పీసు అను మాటను అచ్చట యంత్రమే పలుకును. 2023 నవంబరు 30వ తేదీన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇట్టి 13 కిటుకులను పేర్కొని నిషేధించెను. లేని తొందర కల్పించుట, వద్దన్నవారిని సిగ్గుపరచుట అందులోనివే. దిల్‌సుఖ్‌నగర్ బల్లల వెనుక తరతరములుగా సాగిన విద్యకు ఇన్నాళ్ళకు నామకరణమైనదన్నమాట.

సొమ్ము చెల్లించు చోట మరి రెండు చిక్కులు. చీటీపై నున్న గరిష్ఠ చిల్లర ధర సమస్త పన్నులతో కూడినది. దానిపై 40 శాతము తగ్గింపని ప్రకటించి, తగ్గిన ధరపై మరల పన్ను వేసి వసూలు చేసిన ఒక ప్రసిద్ధ సంస్థ విషయమున, అది అనుచిత వ్యాపార విధానమని జాతీయ వినియోగదారుల కమిషను 2017 జనవరిలో తీర్పు చెప్పెను. అప్పుడది వ్యాట్ పన్ను, నేడు జి.ఎస్.టి. పేరు మారినను న్యాయము మారలేదు. రెండవది ఫోను నంబరు. అది ఇచ్చిన గాని బిల్లు రాదను అంగళ్ళు కలవు. ఇట్లు పట్టుపట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 మేలో వర్తకులకు తెలియజేసెను. ఇయ్యనన్నచో తప్పు లేదు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని బిల్లు క్రింద ఎర్ర అక్షరములతో వ్రాసియుండును. దానిని చూచి అనేకులు వెనుదిరుగుదురు. ఇచ్చట చట్టము చెప్పునది సరిగా తెలిసికొనవలెను. ఇంటికి పోయిన పిమ్మట మనస్సు మారినదని తెచ్చి ఇచ్చినచో దుకాణదారు పుచ్చుకొనవలెనను విధి లేదు. అది వారి మర్యాద. కాని చీరలో చిరుగో, నేతలో దోషమో, రంగు దిగుటయో యున్నచో, ఆ ఎర్ర అక్షరములకు విలువ లేదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పనిచో 30 దినములలో, వాపసు పుచ్చుకొని సొమ్ము తిరిగి ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార విధానము. ఈ చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలునకు వచ్చెను. అడిగినను బిల్లు ఇయ్యకుండుటయు అందులో చేర్చబడినది. తప్పుదారి పట్టించు ప్రకటనలపై ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును.

ఇవి పెద్ద మాటలు. 1,600 రూపాయల చీరకు ఎవరు కోర్టునకు పోవుదురని మీరనవచ్చును. చండీగఢమున 2019లో ఒకరు చెప్పుల దుకాణములో సంచికి 3 రూపాయలు అదనముగా పుచ్చుకొన్నారని ఫిర్యాదు చేసిరి. ఆ దుకాణమువారు 9,000 రూపాయలు కట్టవలసివచ్చెను. మొదట 1915 అను నంబరునకు ఫోను చేయవచ్చును. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. దుకాణము వెలుపల కట్టిన ప్రకటన పలకను ఫోనులో ఫోటో తీసి యుంచుకొనుడు; పండుగ వెడలిన మరునాడు అది కనబడదు. బిల్లును, చీరకు కట్టిన ధర చీటీని దాచుడు. పెండ్లి హడావుడిలో ముందుగా చెత్తబుట్టకు పోవునవి ఆ రెండే. అవి యున్నచో జిల్లా కమిషనులో రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలునకు రుసుము లేదు. వకీలు లేకయే స్వయముగా చెప్పుకొనవచ్చును. ఫిర్యాదు చేయు చోటును గూర్చిన పాత నియమమును కొత్త చట్టము సడలించినది. ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేసికొనవచ్చును. కావున నల్లగొండవారు ఆ పనికై మరల దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎక్కనక్కరలేదు.